జల్సాలకు అలవాటు పడి...

విల్లివాక్కం, చెన్నై

చిట్టితల్లికీ, నీ వెంట తిరిగే కెమెరా బృందానికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వాట్సాప్‌లో పంపిన డాక్యుమెంటరీ ప్లాన్ రెండుసార్లు చదివాను. మీడియా కుర్రకారును మూసలో పోసి చూపిస్తోందని మీ కోపం. న్యాయమే. ఆ మూసలు పోసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఈ ఊళ్ళో ఒక తెలుగు పత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశానని మీకు తెలుసు గానీ, అక్కడ నేనేం రాసేవాణ్ణో ఎవరూ అడగలేదు.

ప్లస్ టూ ఫలితాల మర్నాడు పేపరు తీస్తే ఆడపిల్లలు గాల్లోకి ఎగురుతూ కనిపిస్తారు కదా. ఒకసారి మా ఫొటోగ్రాఫర్ వెంట నేనూ ఒక స్కూలుకి వెళ్ళాను. పిల్లలు మెట్ల మీద కూర్చుని మార్కులు చూసుకుంటున్నారు. ఒకమ్మాయి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఆయన వెలుతురున్న చోటు వెతికి నలుగుర్ని నిలబెట్టాడు. "చేతులు పైకెత్తి ఎగరండమ్మా." ఎగిరారు. "ఇంకోసారి, నవ్వుతూ." ఐదోసారికి ఒకపిల్ల చెప్పు తెగింది. 'విద్యార్థినుల ఆనందహేల' అని కింద రాసింది నేనే. 2017లో తమిళనాడు ప్రభుత్వం టాపర్ల పేర్లు ప్రకటించడం మానేసింది గానీ, ఈ ఎగరడాలు మాత్రం ఆగలేదు.

క్రైమ్ వార్త ఇంకో రకం. రాత్రి పదింటికి పోలీసుల నోట్ వచ్చేది, పదకొండుకి పేజీ వెళ్ళిపోవాలి. ఫలానా కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు, బైకు దొంగతనం. ఎందుకు చేశాడన్నది నోట్‌లో ఉండదు. కారణం లేకపోతే వార్త బోసిగా ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటదే 'జల్సాలకు అలవాటు పడి' అని రాసేసేది. ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒకరోజు అలాంటి కుర్రాడి తండ్రి పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. కొడుకు దొంగతనం చెయ్యలేదని ఆయన అనలేదు. "జల్సా అంటే ఏంటి సార్? వాడికున్నవి రెండు ప్యాంట్లు" అన్నాడు. టీ తెప్పించాను. ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

అందుకని, మీ ప్లాన్‌లో ఉన్న సైకాలజిస్టు ఇంటర్వ్యూ తర్వాత చూసుకోవచ్చు. ముందు నెల రోజుల పేపర్లు పోగేసి కత్తెర పట్టుకోండి. మీ వయసువాళ్ళ వార్త కనబడితే కత్తిరించి, పక్కన రెండు సంగతులు రాయండి. ఇది ఎవరు చెబితే వచ్చింది? ఇందులో ఆ పిల్లల మాట ఒక్కటైనా ఉందా? తర్వాత వాటిలో ఒక్క వార్త తీసుకుని దాని వెంట పడండి. బస్సుల్లో 'రూట్ తల' గొడవే అనుకోండి, అదే, ఒక్కో బస్సు రూట్లో కాలేజీ కుర్రాళ్ళకి నాయకుణ్ణని చెప్పుకునేవాడి గొడవ. గొడవ నిజమే కావచ్చు. మూస అంటే అబద్ధమే అయి ఉండాలని లేదు. కాకపోతే అదే బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా, కొట్టుకోకుండా కాలేజీకి వెళ్ళేవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళ గురించి కండక్టరును అడగండి. రోజూ చూసేది ఆయనే.

ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పేస్తాను. చివర్లో 2015 డిసెంబరు వరదల్లో అన్నం పొట్లాలు పంచిన కుర్రాళ్ళని చూపించి, 'ఇదీ అసలు యువత' అని ముగించారు. అది కూడా మూసే, కాస్త పూలు చల్లిన మూస. 2017 జనవరిలో జల్లికట్టు కోసం మెరీనాలో కూర్చున్న పిల్లల్ని అందరూ ఆకాశానికెత్తారు. వారం తిరిగేసరికి లాఠీలు లేచాయి, 'సంఘవిద్రోహ శక్తులు' అన్న మాట మొదలైంది. పొగడ్తకీ తిట్టుకీ మధ్య ఆ పిల్లలు ఏమనుకున్నారో అడిగినవాళ్ళు తక్కువ. ఇప్పుడు వాళ్ళకి ముప్ఫై దాటుతుంటాయి. వెతికి పట్టుకోండి.

ఇంకోటి. మీ లిస్టులో ఉన్న పన్నెండు మందీ మీ కాలేజీ వాళ్ళే. శ్రీపెరుంబుదూర్ ఫ్యాక్టరీ బస్సెక్కే అమ్మాయిలూ, మీకు బిర్యానీ తెచ్చిచ్చే అబ్బాయీ యువత కారా? పేపరోళ్ళని తిడుతూ మీరూ క్యాంటీన్ దాటలేదు!

చట్టం సంగతి మరచిపోవద్దు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, కేసులో ఉన్న పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల పేరు, ముఖం, స్కూలు, ఏదీ బయటపెట్టకూడదు. పాత క్లిప్పింగు చూపించేటప్పుడు కూడా ఆ పేరు చెరిపెయ్యాలి. మామూలు పిల్లలతో మాట్లాడినా అమ్మానాన్నల సంతకం తీసుకోండి. మైకు మాత్రం మంచిది తెచ్చుకోండి. ఈ ఊరి హారన్ల మధ్య ఫోన్ మైకుతో మనిషి మాట వినబడదు.

అటక మీద నా పాత ఫైలు ఉంది, దించి దుమ్ము దులిపాను. ఆ బైకు వార్త అందులోనే ఉంది, సింగిల్ కాలమ్, నాలుగంగుళాలు. ఆదివారం పొద్దున రండి. నేను కెమెరా ముందు కూర్చుని దాన్ని చదువుతాను. ఫ్యాన్ చప్పుడు చేస్తుంది కాబట్టి ఆపాలి. చెమటలు పడతాయి, తువ్వాలు తెచ్చుకోండి.

మీ తాతయ్య