మోటారు వేస్తే బల్బు ఎందుకు మసకబారుతుంది?

చిరంజీవులు చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

నీళ్ల మోటారు వేసినప్పుడల్లా హాల్లో బల్బు ఒక్క క్షణం మసకబారుతోందని రాశారు. "మోటారు మన కరెంటంతా లాగేసుకుంటోందా తాతయ్యా?" అని అడిగారు. మోటారును అనకండి. అసలు తినేది తీగ.

స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు కరెంటుకు దారి మాత్రమే అనుకుంటాం. కానీ ఎంత మంచి లోహానికైనా కొంత నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఉంటుంది. తీగలో పారే ఆంపియర్లను దాని నిరోధంతో గుణిస్తే ఎంత వస్తుందో, అన్ని వోల్టులు తీగలోనే ఖర్చయిపోతాయి. మిగిలినవే మన ఇంటికి. జర్మనీలో పంతులుగా పనిచేసిన ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రం ఇదే.

దీన్ని నీళ్ల గొట్టంతో పోల్చి చెప్పడం అందరూ చేసేదే. నాకు లెక్కే ఇష్టం, కాగితం తీసుకోండి. మన దేశంలో ఇంటికి రావలసింది 230 వోల్టులు. స్తంభం 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కరెంటు ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్లాలి కనుక దారి 60 మీటర్లు. ఈ రెట్టింపును పెద్దవాళ్లే మరిచిపోతుంటారు! 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగైతే ఆ పొడవుకు నిరోధం దాదాపు 0.45 ఓములు.

రెండు బల్బులు, ఒక ఫ్యాను ఒక ఆంపియరు కూడా తీసుకోవు. అర వోల్టు కూడా పోదు. 2,000 వాట్ల గీజరు వేస్తే సుమారు 9 ఆంపియర్లు, అంటే 4 వోల్టులు పోతాయి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకుంటుంది గానీ, ఆగి ఉన్నది కదలాలంటే తొలి క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. 35 ఆంపియర్లనుకుంటే దాదాపు 16 వోల్టులు మాయం. మీ బల్బు మసకబారేది అప్పుడే. అన్నట్టు, అది పాత ఫిలమెంటు బల్బే అయి ఉంటుంది. దానికి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటికి లోపలే సర్దుబాటు ఉంటుంది కనుక వాటిలో ఈ తగ్గుదల బయటపడదు.

అదే తీగ 10 చదరపు మిల్లీమీటర్లదైతే ఆ 16 వోల్టులు ఆరేడుకు దిగుతాయి.

బల్బు మసకబారితే కంటికే కష్టం. మోటారుకు ప్రాణం మీదికి వస్తుంది. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే దాని తిప్పే బలం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తిరగలేక గుయ్యిమంటూ అలాగే ఉండిపోతే లోపలి చుట్టలు కాలిపోతాయి. లైను చివరి పొలాల రైతులకు ఈ బాధ బాగా తెలుసు. అందుకే 11,000 వోల్టుల లైనునే పొలాల దాకా తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి మన దగ్గరా వచ్చింది. వోల్టేజీ ఎక్కువైతే అంతే పనికి ఆంపియర్లు తక్కువ చాలు, దారిలో పోయేదీ తక్కువే.

స్టెబిలైజరు కొనమని నాన్నతో పోరు పెడుతున్నారట. అది తీగను బాగుచేయదు. లోపలికి 180 వోల్టులే వస్తున్నా బయటికి 230 ఇవ్వాలంటే, ఆ తేడా కోసం లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. తీగలో నష్టం ఇంకా పెరుగుతుంది. ముందు తీగ సంగతి చూడాలి, ఆ తరువాతే స్టెబిలైజరు.

మీరు చేయగలిగింది చూడటమే. మోటారు వేసినప్పుడు పక్కింట్లో కూడా మసకబారుతోందా? అవునంటే లోపం వీధి లైనులోనో ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉండవచ్చు. మన ఇంట్లోనే అయితే సర్వీసు వైరు సన్నదై ఉండాలి, లేదా ఎక్కడో అతుకు వదులై ఉండాలి. వదులైన అతుకు వేడెక్కి నల్లబడుతుంది, నిప్పు కూడా పుట్టించవచ్చు. ఒక ఇంట్లో బల్బులు మసకబారుతుంటే మరో ఇంట్లో మామూలు కన్నా ధగధగ వెలుగుతున్నాయా, అప్పుడు న్యూట్రల్ మీద అనుమానపడాలి. అది తెగితే కొన్ని ఇళ్లకు 300 వోల్టులు దాటి వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. వెంటనే నాన్నతో మెయిన్ ఆపించి, లైన్‌మన్‌కు ఫోను చేయించండి. మీటరు పెట్టె మాత్రం మీరు ముట్టుకోకూడదు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మీటరు దగ్గర మోటారు ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి వోల్టేజీ కొలవమనండి. రెండు అంకెలూ, స్తంభం ఎంత దూరమో కూడా నాకు రాయండి. తీగ ఎంత లావుది కావాలో లెక్క కట్టి పంపుతాను.

మీ తాతయ్య