చెవిపోటు సిరప్ గొడవ: ముడి 2014లో పడింది

వానలు పడ్డాయంటే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడిలో పిల్లలకి జలుబు, దాని వెనకే చెవిపోటు, దాని వెనకే ఈ గొడవ. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చేస్తున్నారని డాక్టర్లు మెడికల్ షాపుల్ని అంటారు, తల్లులే పాత సీసా పట్టుకొచ్చి ఇదే కావాలంటున్నారని షాపులవాళ్లు అంటారు. యాంటీబయాటిక్స్ అతిగా వాడితే ఏమవుద్దో అందరికీ తెలిసిందే, అది వదిలేసి నేరుగా 2014కి వస్తా.

ఆ ఏడాది మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లోకొచ్చింది. అందులో ఉన్న సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్ అమ్మితే డాక్టరు పేరు, పేషెంట్ పేరు, ఎంత ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం పాత జాబితా షెడ్యూల్ హెచ్‌లోనే ఉండిపోయింది, దానికీ చీటీ ఉండాల్సిందే గానీ ఈ రిజిస్టర్ లెక్క లేదు. పిల్లల చెవికి ముందు వాడేదేమో అదే! నా ఉద్దేశంలో ముడి పడింది ఇక్కడే.

లెక్క లేకపోతే ప్రతి జలుబుకీ ఇచ్చెయ్యడం తేలిక. అదెందుకు చిక్కంటే, ఈ చెవిపోటు చెవిలో మొదలయ్యే జబ్బు కాదు. న్యూమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా అనే బాక్టీరియా శుభ్రంగా ఆడుకునే పిల్లల ముక్కు వెనక కూడా ఊరికే ఉంటాయి. జలుబుకి ముక్కునీ చెవినీ కలిపే గొట్టం వాచిపోద్ది, చిన్నపిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి అవి తేలిగ్గా చెవిలోకి ఎక్కి చీము పట్టిస్తాయి. ప్రతి జలుబుకీ సిరప్ పోస్తే లొంగేవి చచ్చి మొండివి మిగుల్తాయి, అవి తమ్ముడికీ అంగన్‌వాడీలో పక్క పిల్లకీ అంటుకుంటాయి. ఐస్‌లాండ్‌లో 1993 నాటికి పెన్సిలిన్‌కి లొంగని న్యూమోకాకస్ దాదాపు 20 శాతానికి చేరింది, పిల్లలకి యాంటీబయాటిక్స్ తగ్గించాక అదీ తగ్గింది. పోనీ పెద్ద మందు అని సెఫిక్సిమ్ అడిగితే, మొండి న్యూమోకాకస్ మీద దాని బలం తక్కువే.

మరి తల్లులదే తప్పా? నేను ఒప్పుకోను. రెండేళ్లు దాటిన పిల్లలకి నొప్పి కొద్దిగానే ఉండి, జ్వరం ఎక్కువ లేకపోతే నొప్పి మందు ఇచ్చి రెండు మూడు రోజులు చూడొచ్చు, తగ్గకపోతేనే యాంటీబయాటిక్. కానీ "మళ్లీ రండి" అంటే కాశీనగర్ నుంచి వచ్చేవాళ్లకి రెండోసారి బస్సు ఛార్జీ, రెండోరోజు కూలి. రాత్రంతా గుంటడు చెవి పట్టుకుని ఏడుస్తుంటే ఇంట్లో మిగిలిన సగం సీసా మీదకే చెయ్యి పోద్ది, మా చిన్నదానికి నేనూ అలాగే పోశా, ఇప్పటికీ బాధే.

ఈ న్యూమోకాకస్‌ని ముందే అడ్డుకునే దారీ ఉంది: 2021లో న్యూమోకాకల్ టీకా దేశమంతా ఉచితంగా మొదలైంది, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. న్యూమోకాకస్‌లో అన్ని రకాల్నీ ఆపదు గానీ తను ఆపే రకాల్ని ముక్కులోంచీ తగ్గిస్తుంది. మన సరిహద్దులో చిక్కేంటంటే కానుపుకి అమ్మాయి ఆంధ్రా వైపు పాతపట్నంలో పుట్టింటికెళ్తుంది, మొదటి డోసులు అక్కడ పడతాయి, కార్డు అక్కడే ఉండిపోతుంది, తొమ్మిదో నెలకి అత్తారింట్లో ఆశా దీదీ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.