ప్యాకెట్‌కు ప్రాధాన్యం: అప్లికేషన్ అడిగితే సరిపోతుందా?

లినక్స్‌లో ఏ ప్రోగ్రామైనా ప్రత్యేక అనుమతులేవీ లేకుండానే తాను నెట్‌వర్కులోకి పంపే డేటా ముక్కల (ప్యాకెట్ల) మీద ‘నన్ను ముందు పంపు’ అని రాసుకోగలదు. సాకెట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్కుతో మాట్లాడే ద్వారం) మీద ఐపీ టీఓఎస్ (సేవ రకం) ఆప్షన్‌కు 184 విలువ ఇస్తే చాలు. ఆ విలువ చేరేది ఐపీ హెడర్ (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగం) రెండో బైటులో. అందులో పై ఆరు బిట్లు ప్రాధాన్య తరగతిని చెప్పే డీఎస్‌సీపీ, కింది రెండు రద్దీని తెలిపే ఈసీఎన్. వాయిస్ లాంటి ట్రాఫిక్‌కు ఉద్దేశించిన ఈఎఫ్ తరగతి సంఖ్య 46. దాన్ని రెండు బిట్లు ఎడమకు జరిపితే 184. విండోస్‌లో ఈ ఆప్షన్‌ను నమ్ముకోకూడదు. క్యూవేవ్ అనే ఏపీఐ (ప్రోగ్రాములు సిస్టమ్‌ను అడిగే మార్గం) ద్వారా ఇది వాయిస్, ఇది వీడియో అని చెప్పుకోవాలి. ఫలానా సంఖ్యే కావాలంటే అడ్మినిస్ట్రేటర్ స్థాయి హక్కులుండాలి. తన ప్రాధాన్యం అప్లికేషనే నిర్ణయించుకోవచ్చా అన్న ప్రశ్నకు రెండు సిస్టమ్‌లు ఇలా రెండు జవాబులిచ్చాయి. ఈ తగువు పాతది.

1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791లోనే ఆ బైటు ఉంది (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు). అందులో మూడు బిట్లు ప్రాధాన్యానికి: ‘రొటీన్’ నుంచి ‘ఇమీడియట్’, ‘ఫ్లాష్’ మీదుగా ‘నెట్‌వర్క్ కంట్రోల్’ దాకా ఎనిమిది మెట్లు. ఇది సైనిక సందేశాల పరిభాష. అక్కడ ఏ ముద్ర వేసే అధికారం ఎవరిదో ముందే తేలి ఉంటుంది. ఇంటర్నెట్‌కు ఆ ముద్రలు వచ్చాయి గానీ, వాటిని అదుపు చేసే అధికారి రాలేదు. 1985లో నెట్‌వర్కు ఇంజనీరు జాన్ నేగల్ ఆర్‌ఎఫ్‌సీ 970లో ఈ మెలికనే విప్పి చూపాడు. అందరికీ ఒకే క్యూ ఉంటే ఎక్కువ కుమ్మరించినవాడికే ఎక్కువ వాటా దక్కుతుంది, తగ్గి పంపినవాడు నష్టపోతాడు. పంపేవారి ఒక్కొక్కరికీ విడి క్యూ పెట్టి, వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీయాలన్నది ఆయన సూచన. 1980ల రెండో సగంలో అమెరికా పరిశోధన నెట్‌వర్కు ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌లోని 56 కిలోబిట్ల లింకులు కిక్కిరిసినప్పుడు అక్కడి ఫజ్‌బాల్ రౌటర్లు టెల్నెట్‌ను (దూరపు కంప్యూటర్‌పై టైపు చేసే సెషన్లను) ముందు వదిలాయి. ఆ నిర్ణయం లింకు నడిపేవారిది.

1997 నాటి ఆర్‌ఎస్‌వీపీ దారిలో తన వాటాను ముందే రిజర్వు చేసుకునే పద్ధతి. దారిలోని ప్రతి రౌటరూ ప్రతి ప్రవాహాన్నీ (ఒక్కో కనెక్షన్ ప్యాకెట్ల వరుసనూ) గుర్తుపెట్టుకోవాల్సి రావడంతో పెద్ద నెట్‌వర్కుల్లో నిలవలేదు. 1998 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 2474 పాత బైటును డీఎస్‌సీపీగా మార్చింది. నెట్‌వర్కు అంచున ఉన్న రౌటర్ గుర్తును సరిచూస్తుంది, అవసరమైతే తిరగరాస్తుంది, లోపలి రౌటర్లు దాన్ని నమ్ముతాయి. ఈఎఫ్‌కు మిగతావాటిని అడ్డుకునే ప్రాధాన్యం ఇస్తే దానికో రేటు పరిమితి తప్పక ఉండాలని ప్రమాణమే చెబుతుంది. లేకపోతే ఈఎఫ్ అని రాసుకున్న ఒక్క డౌన్‌లోడ్ మిగతా అందరి గొంతూ నొక్కేస్తుంది.

గుర్తు పెట్టేవారూ చదివేవారూ వేర్వేరు కాలాల నిఘంటువులు వాడితే ఏమవుతుందో చూడండి. 2018లో దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 పాత టీఓఎస్ విలువలు వదిలి టైపింగ్ సెషన్లకు ఏఎఫ్21, ఫైళ్ల బదిలీకి సీఎస్1 అనే డీఎస్‌సీపీ తరగతులు పెట్టింది. లినక్స్ పాత క్యూ పీఫిఫో ఫాస్ట్‌కు మూడు వరసలు. పై వరస ఖాళీ అయితే గానీ కింది వరసను ముట్టదు. అది డీఎస్‌సీపీని కాక, పాత టీఓఎస్ బిట్లనే చదువుతుంది. ఏఎఫ్21 బైటు 72. అందులో టీఓఎస్ భాగం 8, అంటే ‘ఎక్కువ సరుకు’, కనుక చివరి వరస. సీఎస్1 బైటు 32. టీఓఎస్ భాగం సున్నా, కనుక మధ్య వరస. అంటే టైపింగ్ వెనక్కి, ఫైలు ముందుకు! అప్లికేషన్ నిజాయితీగానే అడిగింది, ఫలితం మాత్రం తలకిందులైంది.

వై-ఫైలో మరో చిక్కు. చాలా పరికరాలు డీఎస్‌సీపీలో పై మూడు బిట్లనే వాడతాయి. 46 బైనరీలో 101110. పై మూడు బిట్లు 5, అది వీడియో వరస. వాయిస్‌కు 6 లేదా 7 కావాలి. ఈ లెక్క దిద్దడానికే 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 వచ్చింది. పోనీ, అందరూ వాయిస్ వరసకే ఎగబడితే? ఆ వరసలో పరికరం మొదట 0 నుంచి 3 లోపు ఒక అంకెను ఎంచుకుని అన్ని స్లాట్లు (చిన్న కాలవ్యవధులు) ఆగుతుంది. మామూలు వరసలో 0 నుంచి 15. పది పరికరాలు నాలుగు అంకెల్లోంచే ఏరుకుంటే ఢీకొట్టుకోవడం ఖాయం. అప్పుడు ఎవరికీ వేగం రాదు.

వెనక్కి తగ్గాలనుకున్నా తిప్పలే. బ్యాకప్ లాంటి పనులకు చాలాకాలం సీఎస్1 (001000) వాడమన్నారు. పాత ప్రాధాన్యపు బిట్లు చదివే రౌటర్‌కు 001 అంటే 000 కంటే పై మెట్టు. దారి ఇవ్వబోయిన ప్యాకెట్ ముందుకెళ్లిపోతుంది. అందుకే 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8622 దీనికి 000001 కేటాయించింది.

అసలు జబ్బు చాలాచోట్ల ప్రాధాన్యం లేకపోవడం కాదు, క్యూ పొడవు. 1 మెగాబిట్ అప్‌లింకులో 1500 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికి 12 మిల్లీసెకన్లు. మోడెమ్‌లో అలాంటివి 100 పేరుకుంటే వెనక వచ్చిన మాట 1.2 సెకన్లు ఆగాలి. ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ పద్ధతి ప్రవాహాలను విడి క్యూల్లో పెడుతుంది, అడపాదడపా వచ్చే ప్రవాహాన్ని ముందు వదులుతుంది, నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటి 100 మిల్లీసెకన్ల పాటు తగ్గకపోతే ప్యాకెట్లను పారేయడమో ఈసీఎన్ గుర్తు వేయడమో మొదలుపెడుతుంది. సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు పంపే కాల్‌కు ఏ ముద్రా లేకుండానే దారి దొరుకుతుంది. నేగల్ కోరింది ఇంచుమించు ఇదే. 2023లో వచ్చిన ఎల్4ఎస్ అనే పద్ధతి కూడా తక్కువ ఆలస్యాన్ని మంచి నడవడికతో ముడిపెట్టింది: ప్రతి రద్దీ గుర్తుకూ వెంటనే తగ్గాలి.

కాబట్టి మా అభిప్రాయంలో తన అవసరం చెప్పే హక్కు అప్లికేషన్‌ది, ఇరుకు లింకులో వాటా తేల్చే హక్కు ఆ లింకు యజమానిది. తన ప్రాధాన్యం తగ్గించుకుంటానంటే ఎవరినైనా నమ్మవచ్చు, హెచ్చించుకుంటానంటే కొలత కావాలి. ఇంటి రౌటర్‌లో ముందు ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టి, షేపర్‌ను (పంపే వేగానికి హద్దు పెట్టే అమరికను) కొలిచిన అప్‌లోడ్ వేగంలో 90 శాతం దగ్గర మొదలుపెట్టండి. లేదంటే క్యూ మోడెమ్‌లోనే పేరుకుంటుంది. వాయిస్‌కు ముందు వరస ఇచ్చినా రేటు పరిమితి పెట్టండి. జీ.711 అనే వాయిస్ ఎన్‌కోడింగ్ వాడే కాల్‌కు ఐపీ స్థాయిలో సెకనుకు 80 కిలోబిట్లు చాలు. అప్లికేషన్ రాసేవారు ఒకే టీసీపీ (డేటాను వరుసగా, పోకుండా చేర్చే పద్ధతి) కనెక్షన్ మధ్యలో గుర్తు మార్చకూడదు. రెండు క్యూల్లో పడ్డ ప్యాకెట్లు వరుస తప్పి చేరితే, పోయాయనుకుని టీసీపీ వేగం తగ్గించేస్తుంది. గుర్తు మధ్యలో చెరిగిపోయినా పని నడిచేలా రాయాలి. కొన్ని రౌటర్లు పై మూడు బిట్లను సున్నా చేస్తాయి, అప్పుడు 46 కాస్తా 6గా మిగులుతుంది.