నగరంలో వాగు: అపోహలు, వాస్తవాలు

వాగు అడుగున ఉన్న రాళ్లను తిరగేసి, వాటికి అంటిపెట్టుకొని బతికే పురుగులను గుర్తించి లెక్కపెట్టడం నా వృత్తి. పట్టణం విస్తరించే కొద్దీ ఈ లెక్క ఎలా తగ్గుతూ వస్తుందో ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాగును బాగుచేయాలన్న మంచి ఉద్దేశంతో వచ్చేవారు సైతం నమ్మే కొన్ని మాటలను ఇక్కడ సరిచూస్తున్నాను.

అపోహ: మురుగును ఆపితే వాగు దానంతట అదే కోలుకుంటుంది.

వాస్తవం: మురుగును ఆపి తీరాలి, అందులో సందేహం లేదు, కాని ఒక్క చుక్క మురుగు కలవని నగరపు వాగులు కూడా జీవం కోల్పోవడం నేను చూశాను. అడవిలో కురిసిన వానలో ఎక్కువ భాగం ఆకుల మీద నిలిచి ఆవిరవుతుంది, లేదా నేలలోకి ఇంకి నెమ్మదిగా ఊటగా వాగును చేరుతుంది. అదే వాన కప్పుల మీద, రోడ్ల మీద పడితే, వాననీటి కాలువల ద్వారా నిమిషాలలో వాగులోకి దూకుతుంది. ఒకప్పుడు వాగు మట్టాన్ని ఏమాత్రం కదిలించని చిన్న జల్లు ఇప్పుడు చిన్నపాటి వరదగా మారి, ఏడాదిలో ఎన్నోసార్లు అడుగును కోసి, ఒడ్లను కూల్చి, గులకరాళ్ల మధ్య ఉన్న చేపల గుడ్లను, పురుగులను ఊడ్చుకుపోతుంది. మరోవైపు నేలలోకి ఇంకవలసిన నీరు ఇంకలేదు కనుక, వానలు లేని నెలల్లో ఊట సన్నగిల్లుతుంది. (పగిలిన నీటి పైపుల నుంచి కారే నీరు కొన్ని నగరాలలో ఈ లోటును కప్పిపుచ్చుతుంది, అది చూసి వాగు క్షేమంగా ఉందనుకోవడం పొరపాటు.)

పరీవాహక ప్రాంతంలో సుమారు 10 శాతం నేల ఇళ్ల కప్పులు, రోడ్ల కిందికి వెళ్లే వరకు వాగుకు ప్రమాదం లేదని చాలాకాలం భావించారు. అమెరికాలోని మేరీల్యాండ్ వాగులపై తరువాత జరిగిన పరిశోధనలో, సున్నితమైన పురుగుజాతులు 2 శాతం లోపే తగ్గడం మొదలైనట్లు తేలింది. నా దృష్టిలో శాతం కన్నా ముఖ్యమైన ప్రశ్న, ఆ కప్పుల నీరు పైపు ద్వారా నేరుగా వాగులోకి వెళుతున్నదా, లేక దారిలో మట్టిని తాకుతున్నదా అన్నది.

అపోహ: ఒడ్డున చెట్లు పెంచితే చాలు, వాగులోకి వచ్చే నీటిని అవే వడకడతాయి.

వాస్తవం: ఒడ్డున ఉన్న చెట్లంటే నాకు ప్రాణం. వాటి నీడ నీటిని చల్లగా ఉంచుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. రాలిన ఆకు అడుగున ఉన్న పురుగులకు ఆహారం. రెక్కలొచ్చి బయటికి వచ్చిన పురుగులకు ఆ కొమ్మలే ఆశ్రయం. కాని వడపోత జరగాలంటే నీరు వేళ్ల మధ్యగా ప్రవహించాలి. నగరంలో అది పైపులో, ఆ వేళ్ల కిందుగా, నేరుగా వాగులోకి పోతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. వాగు అడుగు లోతుకు కోసుకుపోయినప్పుడు దానితోపాటు ఒడ్డు కింది భూగర్భ జలమట్టం కూడా దిగిపోతుంది. తడిగా, ప్రాణవాయువు లేకుండా ఉండే నేలలో సూక్ష్మజీవులు నైట్రేట్‌ను (ఎరువులు, మురుగు వంటి వాటి నుంచి నీటిలో చేరే నత్రజని లవణాన్ని) హానిలేని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. ఆ నేల ఎండితే ఈ పని కుంటుపడుతుంది. అమెరికాలోని బాల్టిమోర్ నగరపు వాగుల ఒడ్లను పరిశీలించిన శాస్త్రవేత్తలు, నైట్రేట్‌ను పీల్చుకోవలసిన నేలలే దానిని ఉత్పత్తి చేసేవిగా మారగలవని గుర్తించారు. పైన పచ్చగా కనిపించే ఒడ్డు లోపల తన పని మానేసి ఉండవచ్చు.

అపోహ: నీరు తేటగా ఉంటే వాగు ఆరోగ్యంగా ఉన్నట్లే.

వాస్తవం: అమెరికా వాయవ్య తీరంలో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నగరపు వాగుల్లోకి వచ్చిన కోహో సాల్మన్ చేపలు, వాన పడిన కొద్ది గంటల్లోనే, గుడ్లు పెట్టకముందే చనిపోయేవి. కారణాన్ని 2020లో కనుగొన్నారు: టైర్ల రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి విషంగా మారి, రోడ్డు మీద పడే టైర్ల అరుగుడు పొడి ద్వారా వాగుకు చేరుతోంది. దీనిని కంటితో పట్టుకోలేము.

అపోహ: వాగుకు కాంక్రీటు గోడలు కడితే వరద సమస్య తీరుతుంది.

వాస్తవం: అక్కడ తీరవచ్చు, కాని నీరు మరింత వేగంగా దిగువవారి మీదికి వెళుతుంది. వాగుకు, అడుగున ఉన్న ఇసుక, గులకలలోని నీటికి మధ్య నిరంతరం సాగే రాకపోకలు కాంక్రీటుతో ఆగిపోతాయి.

అపోహ: పూడ్చిన వాగును మళ్లీ తెరిస్తే పునరుద్ధరణ పూర్తయినట్లే.

వాస్తవం: సియోల్ నగరంలో ఎత్తైన రహదారిని తొలగించి 2005లో తెరిచిన చియోంగ్యేచియోన్ వాగు ప్రజలకు గొప్ప మేలు చేసింది, దాని ఒడ్డుకు చేపలు, పక్షులు కూడా వచ్చాయి. అయితే అందులో పారే నీటిలో అధిక భాగం హాన్ నది నుంచి పంపులతో ఎత్తిపోసేదే. మెల్‌బోర్న్ శివారులోని లిటిల్ స్ట్రింగీబార్క్ క్రీక్ పరీవాహకంలో మరోదారి తొక్కారు: వాగు జోలికి పోకుండా, ఇళ్ల వద్ద వాననీటి ట్యాంకులు, నీరు ఇంకే తోటలు ఏర్పాటు చేశారు. నేను ఈ రెండవ దారి పక్షాన ఉన్నాను, అది నెమ్మదిగా సాగుతుందని తెలిసి కూడా. నీరు బాగుపడినంత మాత్రాన పురుగులు పుట్టుకురావు. దగ్గరలో ఇంకా జీవం ఉన్న పిల్లవాగు నుంచి అవి ఎగిరి రావాలి. అందుకే ఏ నగరంలో పని మొదలుపెట్టినా, ఎగువన పైపులు చేరని పాయలు ఏమైనా మిగిలి ఉన్నాయా అని ముందుగా వెతుకుతాను.