చలి కింద నుంచి వస్తుంది

లంబసింగిలో మొదటిసారి టెంటులో పడుకున్న రాత్రి నాకింకా గుర్తే. డిసెంబరు నెల. అద్దె టెంటు. కింద టార్పాలిన్, దానిమీద పల్చటి దుప్పటి. కప్పుకోడానికి రెండు రగ్గులు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసింది. ఛాతీ వెచ్చగానే ఉంది, వీపూ నడుమూ మాత్రం కొయ్యబారిపోయాయి. మూడో రగ్గు అడిగి తెచ్చి పైన కప్పుకున్నాను. ఏమీ మారలేదు. దాన్ని వీపు కింద వేసుకోవాల్సింది.

రగ్గు వేడి పుట్టించదు. నిద్రలో మన ఒంట్లోంచి దాదాపు 70 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. రగ్గు పోగుల మధ్య చిక్కుకున్న గాలి ఆ వేడిని ఆపుతుంది, అంతే. కదలని గాలిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. నీటిలోంచి అంతకు 20 రెట్లకు పైగా వేగంగా పోతుంది. తడిసిన నేల ఇంకా ఘోరం. పైన కప్పుకున్న రగ్గు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. కిందిది మన బరువుకి అణిగిపోతుంది, అందులో గాలి మిగలదు. వేలు పోసి కొన్న స్లీపింగ్ బ్యాగుకైనా ఇదే గతి.

అందుకే, డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి మ్యాట్ కొనమంటాను. దానిమీద ఆర్-వేల్యూ అని ఒక అంకె ఉంటుంది. వేడిని ఎంత బాగా ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. వేసవికి 1 లేదా 2 చాలు. నేల గడ్డకట్టే చలిలో 4 పైన ఉండాలి. ఒకదానిమీద ఒకటి రెండు మ్యాట్లు వేస్తే ఆ అంకెలు కలుస్తాయి.

ఇంట్లో వాడే గాలి పరుపు మెత్తగా ఉంటుందని తీసుకెళ్లేవాళ్లున్నారు. అందులో గాలి ఉంది, కానీ కదులుతుంది. నేల దగ్గర చల్లబడిన గాలి, వీపు దగ్గర వెచ్చబడిన గాలి లోపలే కలిసిపోతుంటాయి. ఎండాకాలం నులక మంచం హాయిగా ఉండేదీ కింద గాలి ఆడటం వల్లే. చలికాలం చేలో కాపలా పడుకునేవాళ్లు వరిగడ్డి దట్టంగా పరుచుకుంటారు. గడ్డి పోచ లోపల బోలు, పోచల మధ్య ఖాళీ. ఎక్కడి గాలి అక్కడే నిలిచిపోతుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్నదే చూడండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలిచే హద్దు, నిద్రకు సంబంధించింది కాదు.

ఇక టెంటు. తెల్లారేసరికి లోపలి గుడ్డ మీద నీటి బొట్లు కనిపిస్తే కారిందని కంగారు పడతాం. చాలాసార్లు అది మన ఊపిరిలోని చెమ్మే. మబ్బులేని రాత్రి టెంటు గుడ్డ ఆకాశానికి వేడిని వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గడ్డి మీద మంచు కురిసినట్టే దానికీ చెమ్మ పడుతుంది. రెండు పొరల టెంటైతే ఆ తడి బయటి పొరకే అంటుకుని ఉంటుంది. చలి అని గాలి కిటికీలు పూర్తిగా మూసేయకండి. ఇద్దరికి ముగ్గురు పట్టే టెంటు తీసుకుంటే పక్కలు గోడకి తగలవు. పల్లంలో వేయొద్దు, చల్లగాలి బరువు, అక్కడికే దిగుతుంది.

తర్వాతి ఏడాది అదే ఊళ్లో కాస్త మెరక చూసి టెంటు వేశాను. కింద రెండు ఫోమ్ మ్యాట్లు, పైన ఒక్కటే రగ్గు. కళ్లు తెరిచేసరికి తెల్లారింది. బయటి పొరని వేలితో తడితే నీళ్లు జలజలా జారాయి. లోపల దుప్పటి పొడిగా ఉంది.