చేసే ప్రార్థన, చేయించుకునే ప్రార్థన: విశాఖ క్రైస్తవుల్లో రెండు వందల ఏళ్ళ నేపథ్యం

విశాఖలో గాజువాక వైపు వెళ్ళినా, అక్కయ్యపాలెం వైపు వెళ్ళినా ప్రార్థన కూటాల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. అడుగున పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు, పక్కనే ‘మీ ప్రార్థన అవసరతలకు’ అన్న మాట. యూట్యూబ్ లైవ్‌లలో, క్రైస్తవ టీవీ చానెళ్ళలో ఆ నంబరు తెర కింద కదులుతూనే ఉంటుంది. కొడుకు వీసా, కూతురి పెళ్ళి, కిడ్నీ జబ్బు, అప్పులవాళ్ళ టెన్షన్, ఏదైనా ఫోన్ చేసి చెబితే అవతలివాళ్ళు ప్రార్థన చేస్తారు. అందులో ఓదార్పు ఉంది, కాదనను. కానీ సంఘాల్లోని పెద్దవాళ్ళు బాధపడుతున్న విషయం వేరే ఉంది. జనం ప్రార్థన చేయించుకుంటున్నారు గానీ, చేయడం తగ్గిపోతోంది. ‘మీరు ప్రార్థించండమ్మా’ అని పాస్టర్ గారు అంటే ‘నాకు రాదండీ, మీరే చేయండి’ అనేవాళ్ళు ఎక్కువవుతున్నారు.

ఈ మాట ఎందుకు గుచ్చుకుంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

‘మాకు ప్రార్థన చేయడం నేర్పు’ అని శిష్యులు అడిగితే యేసు వాళ్ళకు నేర్పాడు. వాళ్ళ తరఫున తానే చేసి ఊరుకోలేదు. లూకా సువార్త 11వ అధ్యాయంలో ఉన్న సంగతి ఇది. మత్తయి 6లోనైతే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని తండ్రిని అడగమన్నాడు. పేతురు జైల్లో ఉన్నప్పుడు యెరూషలేములో విశ్వాసులు మరియ అనే ఆవిడ ఇంట్లో చేరి రాత్రివేళ ప్రార్థించారని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చెబుతుంది. అప్పటికి చర్చి భవనాలే లేవు. తర్వాతి శతాబ్దాల్లో ఆశ్రమాలు వచ్చాయి, గంటల ప్రకారం ప్రార్థనలు వచ్చాయి. యూరప్‌లో ఆరాధన లాటిన్‌లో సాగడంతో మామూలు మనిషి చాలావరకు వినేవాడిగా మిగిలాడు. ఈ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్‌కు గడ్డం గీసే పీటర్ అనే మంగలి ‘ప్రార్థన ఎలా చేయాలయ్యా’ అని అడిగాడు. లూథర్ అంతటివాడు, ‘నీ కోసం నేను చేస్తాలే’ అనకుండా 1535లో అతని కోసం ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు.

విశాఖ కథ కూడా ఒక ప్రార్థన పిలుపు నుంచే మొదలైందని చెప్పొచ్చు. 1784లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్ బాప్టిస్టు సంఘాలు ప్రతి నెలా మొదటి సోమవారం సాయంత్రం ఒక గంట కలిసి ప్రార్థించాలని నిర్ణయించుకున్నాయి. ఆ వాతావరణంలోంచే 1792లో బాప్టిస్టు మిషన్ పుట్టింది. మూడేళ్ళకు లండన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ వాళ్ళకు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ళు పనిచేసిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్ళ తర్వాత వచ్చిన ప్రిచెట్ చేతి మీదుగా 1818లో కొత్త నిబంధన మొత్తం మద్రాసులో వెలువడింది. అంటే ఈ రోజు మన ఇళ్ళలో చదువుకునే గ్రంథానికి తొలి పాదు పడింది ఈ ఊళ్ళోనే.

అయితే పుస్తకం అచ్చయినంత మాత్రాన చదువురాని జనం నోటికి ప్రార్థన రాదు. ఆ పని చాలావరకు పాట చేసింది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు రాగతాళాలతో మన చెవికి ఇంపుగా ఉంటాయి. అక్షరం రాని ముసలమ్మ కూడా పాడుకుంటూ ప్రార్థించగలిగింది.

దక్షిణాన ఒంగోలులో మరో సంగతి జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి కొండెక్కి, ఈ ఊరికి పనివాళ్ళను పంపమని దేవుణ్ణి అడిగారు. ఇప్పటికీ ఆ కొండను ప్రార్థన కొండ అనే అంటారు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, కరవు వెన్నంటే, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు విషయం ఇదే. గుడి గడప తొక్కనివ్వని, ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలంలో మాలపల్లెలో, మాదిగపల్లెలో ఒక మనిషి మోకరించి, తన నోటితో, తన మాటల్లో, నేరుగా దేవుడితో మాట్లాడటం ఎంత పెద్ద సంగతో ఈ రోజు ఊహించుకోవడం కష్టం. మధ్యలో ఎవరూ అక్కర్లేదు. మంచి భాష రాకపోయినా ఫర్వాలేదు. పగలంతా పొలంలో పని కాబట్టి, చీకటి పడ్డాక బడిలోనో చెట్టు కిందో చేరేవారు. ఉపదేశి, అంటే పల్లెలో బోధించేవాడు, ఒక్కో మాట చెబితే, ‘పరలోకమందున్న మా తండ్రీ’ అంటూ అందరూ అందుకునేవారు. ఇళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళకు నేర్పింది బైబిలు స్త్రీలు. వాళ్ళ పేర్లు చాలావరకు ఏ రికార్డులోనూ లేవు. తెలుగు క్రైస్తవానికి వెన్నెముక వాళ్ళే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పల్లెల మనవళ్ళు, మునిమనవళ్ళు ‘నాకు రాదండీ’ అంటున్నారంటే అది చిన్న మార్పు కాదు.

కథోలికుల దారి కొంచెం వేరు. ఫ్రాన్స్‌లోని ఆన్‌సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖ వచ్చారు. 1886లో ఇక్కడ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పరిధి, ఏర్పడింది. జ్ఞానాపురం, పాతనగరం వాళ్ళ ప్రార్థన జీవితానికి కేంద్రాలయ్యాయి. కథోలిక బిషప్పుల మహాసభ అయిన రెండో వాటికన్ సభ (1962–65) వరకు పూజ లాటిన్‌లోనే సాగినా, జపమాల మాత్రం ఇంటింటా తెలుగులోనే నడిచింది. హార్బరు పక్కన రాస్ హిల్ మీదున్న మరియమాత గుడికి డిసెంబరు 8 పండగనాడు క్రైస్తవులే కాదు, ఇతర మతాలవాళ్ళూ మెట్లెక్కి వెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తారు. మరియమ్మను మన కోసం వేడుకోమనడం కథోలిక విశ్వాసంలో భాగమే. అయినా జపమాల పూసలు తిప్పాల్సింది ఎవరి వేళ్ళతో వాళ్ళే.

పోర్టు 1933లో మొదలైంది. తర్వాత షిప్‌యార్డు, ఆపైన ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. ఉద్యోగాల కోసం గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి క్రైస్తవ కుటుంబాలూ ఇక్కడికి చేరాయి. చర్చి కట్టుకునేదాకా క్వార్టర్లో ముందుగదే వాళ్ళకు చర్చి. ఆ ఇంటి కూడికలు ఇప్పటికీ ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి గుమ్మం బయట చెప్పులు బారులు తీరతాయి. సోఫా గోడకు జరిపి చాపలు పరుస్తారు. ఆడవాళ్ళు కొంగు తలమీదకు లాక్కుంటారు. రెండు పాటలు, ఒక సాక్ష్యం, వాక్యం, ఆపైన ప్రార్థన అంశాలు. ‘మా పక్కింటాయన కేజీహెచ్‌లో ఉన్నాడండీ, డయాలసిస్’ అని ఒకరంటే, ‘మా చిన్నోడికి సప్లీలు మిగిలాయమ్మా’ అని ఇంకొకరు. ఒక్కో అంశం ఒక్కొక్కరు పంచుకుని ప్రార్థిస్తారు. ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ చేసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకూ అందరూ ఆమెన్ అంటారు. చివర్లో టీ, మిక్చర్.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అలవాటును గట్టిపరచినవాళ్ళు ఇద్దరున్నారు. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ ప్రారంభించిన దేవదాసు అయ్యగారు, అడగడం కన్నా ముందు దేవుని సన్నిధిలో మౌనంగా ఎదురుచూస్తూ ఉండడం నేర్పారు. హైదరాబాదులోని హెబ్రోను అనే కేంద్రం నుంచి పనిచేసిన భక్త్ సింగ్ (1903–2000) సహవాసాల్లో మామూలు విశ్వాసులు లేచి స్తుతించడం, రాత్రంతా ప్రార్థించడం ఆనవాయితీ అయ్యాయి.

మరి చేయించుకోవడం ఎక్కడ నుంచి వచ్చింది? దానికీ వాక్యంలో చోటుంది. రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్ళు నూనె రాసి ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. కానీ అక్కడ పెద్దలు మంచం దగ్గరికి వస్తారు. వాళ్ళకు ఆ మనిషి తెలుసు, ఆ ఇల్లు తెలుసు. పైగా కింది వచనమే ‘ఒకని కొరకు ఒకడు’ ప్రార్థన చేయమంటుంది. స్వస్థత మహాసభలు పెరిగి, ఆ తర్వాత టీవీ వచ్చాక వేదిక మీది దైవజనుడి ప్రార్థనకు ఎక్కువ బలం ఉంటుందన్న నమ్మకం పాకింది. నూనె సీసాలు, ప్రత్యేక కానుకలు దాని వెంట వచ్చాయి. కష్టంలో ఉన్నవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళకు సొంతంగా ప్రార్థించడం నేర్పకుండా ఫోన్ నంబరు మాత్రమే ఇచ్చే నాయకత్వాన్ని తప్పుపడతాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చిలు మూతపడ్డాయి. పాస్టర్ గారు ఇంటికి రాలేరు, కూడికకు వెళ్ళడానికి లేదు. అప్పటిదాకా నలుగురిలో నోరు విప్పని తండ్రులు, అత్తగారి ముందు గొంతెత్తని కోడళ్ళు తమ హాల్లోనే ప్రార్థన నడిపించాల్సి వచ్చింది. తర్వాత చర్చిలు తెరిచారు. లైవ్‌లు ఆగలేదు. ఇంటి కూడికలు కొన్ని వీధుల్లో మళ్ళీ మొదలయ్యాయి, కొన్ని వాట్సాప్ గ్రూపులుగానే ఉండిపోయాయి. అక్కడ ఎవరైనా తమ అంశం పెడితే, కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి.