అపోస్టిల్, అటెస్టేషన్: జనంలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల అటెస్టేషన్ పనులు, అంటే మన కాగితాలు విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరణ స్టాంపులు వేయించే పనులు చూస్తుంటాను. మన దగ్గర అందులో విదేశాంగ శాఖ ఆఖర్లో అంటించే ధ్రువీకరణ స్టిక్కరే అపోస్టిల్. ఈ పనిలో సర్కారు ఫీజులు తక్కువే. అక్కర్లేని స్టాంపులకు, వరస తప్పి వేయించిన స్టాంపులకు పోయే డబ్బే ఎక్కువ. అందుకే రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అపోస్టిల్ పడిందంటే సర్టిఫికెట్‌లో ఉన్నదంతా నిజమని భారత ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

వాస్తవం: అది చెప్పేవి మూడే. సంతకం అసలుదే, పెట్టినవారికి ఆ హోదా ఉంది, ముద్ర ఆ ఆఫీసుదే. లోపలున్న మార్కులు, పుట్టిన తేదీ సరైనవా కావా అన్నది దానికి పట్టదు. 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందంతో వచ్చిన పద్ధతి ఇది, అందులో చేరిన దేశాలు సాధారణంగా ఒకరి అపోస్టిల్ ఒకరు ఒప్పుకుంటాయి. మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. డాక్యుమెంట్ వెనక అంటించే స్టిక్కర్ మీద పది అంశాలు వరస నంబర్లతో ఉంటాయి. రెండో నంబర్ దగ్గర చదివి చూడండి: అంతకుముందు సంతకం పెట్టిన అధికారి పేరు ఉంటుంది. అంటే విదేశాంగ శాఖ హామీ ఇచ్చేది ఆ అధికారి సంతకానికి. మిగతా చిక్కులన్నీ దీన్నుంచే పుడతాయి.

అపోహ: నోటరీ చేయించి తిన్నగా విదేశాంగ శాఖలో ఇచ్చేస్తే సరి.

వాస్తవం: మీ ఊరి పంచాయతీ కార్యదర్శి సంతకం విదేశాంగ శాఖకు ఎలా తెలుస్తుంది? ముందు రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించాలి. బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లకు ఒక శాఖ, డిగ్రీలకు విద్యా సంబంధమైన శాఖ, కంపెనీ కాగితాలకు ఛాంబర్ ఆఫ్ కామర్స్. డిగ్రీ అయితే యూనివర్సిటీ వెరిఫికేషన్ కూడా పడొచ్చు, ఆలస్యమంతా సాధారణంగా అక్కడే. అపోస్టిల్‌కు సర్కారు ఫీజు కాగితానికి 50 రూపాయలు. డాక్యుమెంట్లు మనిషి నేరుగా ఇవ్వడానికి లేదు, శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి ఢిల్లీ దాకా పంపకుండా హైదరాబాద్‌లోనే ఈ పని అవుతోంది. ఏజెంటు వేలల్లో చెబితే ఏ మెట్టుకు ఎంతో విడివిడిగా రాసిమ్మనండి.

ఎస్‌డీఎం రూటు అని ఇంకోటి ఉంది: రాష్ట్ర శాఖకు బదులు సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ చేత ధ్రువీకరణ వేయించడం. త్వరగా అయిపోతుంది, యూనివర్సిటీ గొడవ ఉండదు. కానీ అవతలి ఎంబసీయో, కంపెనీయో డిగ్రీ ఇచ్చిన రాష్ట్రం స్టాంపే కావాలంటే మళ్లీ మొదటికే. అడిగి తెలుసుకున్నాకే ఆ దారి పట్టండి.

అపోహ: గల్ఫ్ అంతటికీ ఒకటే పద్ధతి.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒమన్, బహ్రెయిన్ ఎప్పుడో హేగ్ ఒప్పందంలో చేరాయి. సౌదీలో 2022 డిసెంబర్ 7 నుంచి అమలైంది. ఈ మూడింటికీ అపోస్టిల్ సరిపోతుంది. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈ, కువైట్, ఖతార్ ఆ ఒప్పందంలో లేవు. వాటికి విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్, ఆపైన ఆ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్ స్టాంపు, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా కావాలి. కరీంనగర్‌లో బాబాయి పదేళ్ల కిందట సౌదీకి చేయించుకున్న పద్ధతే ఇప్పుడూ నడుస్తుందనుకుంటే తిప్పలే. కెనడాలో కూడా 2024 జనవరి 11 నుంచి అమలైంది, అంతకుముందు రాసిన సలహాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి.

జర్మనీ సంగతి తిరకాసు. ఆ దేశమూ సభ్యురాలే, మనమూ సభ్యులమే. కానీ మన చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఇద్దరి మధ్యా అపోస్టిల్ చెల్లదు. అక్కడ చదవడానికి వెళ్లే పిల్లలకు 2022 నవంబర్ నుంచి కావాల్సింది ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు పరిశీలించి ఇచ్చేది), అది వేరే పని.

అపోహ: గ్రీన్‌కార్డుకు బర్త్ సర్టిఫికెట్ అపోస్టిల్ తప్పనిసరి.

వాస్తవం: అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు అది అడగరు. కాగితం తెలుగులో ఉంటే పూర్తి ఇంగ్లిష్ అనువాదం, దానికి అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి. అంతే.

అపోహ: అసలు సర్టిఫికెట్ ఉంటే పేర్లలో చిన్న తేడాలు ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: మన ఇంటిపేర్లే మనకు శత్రువులు. టెన్త్ మెమోలో "కె. వెంకటరమణ", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో "వెంకట రమణ కె". మనకు ఒక్కడే, విదేశీ గుమాస్తాకు ముగ్గురు. పాత బర్త్ సర్టిఫికెట్లలో అయితే బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండి, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. స్టాంపులు వేయించి వచ్చాక సవరిస్తే కొత్త సర్టిఫికెట్ వస్తుంది, పాతదాని స్టాంపులన్నీ వృథా. రిజిస్ట్రార్ దగ్గర పేరు చేర్పించడం, సరిదిద్దించడం ముందు జరగాలి. అలాగే గుడిలో ఇచ్చిన పెళ్లి రసీదు తెచ్చి అపోస్టిల్ చేయమంటారు. రిజిస్ట్రేషన్ అయిన మ్యారేజ్ సర్టిఫికెట్ లేనిదే ఆ పని ముందుకు కదలదు.

అపోహ: అపోస్టిల్‌కు ఆర్నెల్ల గడువు.

వాస్తవం: దానికి గడువేమీ లేదు. కాకపోతే తీసుకునేవాళ్లు ఈమధ్యే జారీ అయిన కాగితం కావాలని అడగొచ్చు, ముఖ్యంగా పోలీసు క్లియరెన్స్ విషయంలో. ఇంకోమాట, సర్టిఫికెట్లను లామినేషన్ చేయించకండి. స్టిక్కర్ అంటించాల్సింది వెనకవైపు కాగితం మీద, ప్లాస్టిక్ మీద కాదు.

అపోహ: అమెరికాలో నోటరీ చేయించిన జీపీఏ (మన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇక్కడ నేరుగా రిజిస్ట్రేషన్‌కు పనికొస్తుంది.

వాస్తవం: ఊళ్లో పొలమో ఫ్లాటో అమ్మాలని అబ్బాయి అక్కడి నుంచి నాన్నకు పవర్ ఇస్తాడు. దానికి రెండు దారులు. భారత కాన్సులేట్‌లో అధికారి ముందు సంతకం పెట్టడం ఒకటి. అక్కడి నోటరీ ముందు పెట్టి, ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ తెచ్చుకోవడం రెండోది. న్యూయార్క్ లాంటి చోట మధ్యలో కౌంటీ క్లర్క్ ధ్రువీకరణ కూడా పడుతుంది. ఇక్కడికి చేరాక, 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టి ముద్ర వేయించాలి. మన దగ్గర ఇది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు పని. ఆ మూడు నెలలూ లెక్కేసేది సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, కాగితం ఇండియాలోకి వచ్చిన రోజు నుంచి. కొరియర్ కవరు చించి పారేయకండి, ఆ తేదీ దాని మీదే ఉంటుంది.